ఇనప పీచు

కొబ్బరి పీచు దొరక్క ఆడవాళ్ళం పడ్డ పాట్లు చెబితే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వనీండి. నేను గోదావరి లంకల్లో పుట్టినదాన్ని. అంట్లు తోమడానికి ఇంత పీచు, పిడికెడు బూడిద ఎప్పుడూ చేతికందేలా ఉండేవి. వాటికి కూడా కరువొచ్చే చోటు ఒకటుంటుందని పెళ్ళినాడు నాకెవరూ చెప్పలేదు. అరవై తొమ్మిదిలో కాబోలు, మా ఆయన కామేశ్వరరావుగారికి ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి, నన్నూ నా పుట్టింటి ఇత్తడి సామాన్నీ తెచ్చి బీరంగూడ దగ్గర కొత్తగా కట్టిన క్వార్టర్లో దింపారు. చుట్టూ జొన్నచేలు, రాళ్ళగుట్టలు. కొబ్బరిచెట్టు చూడాలంటే కళ్ళు మూసుకుని తలుచుకోవడమే. వంట కిరసనాయిలు స్టవ్వు మీద కాబట్టి బూడిద కూడా లేదు.

మా వరసలో ఇళ్ళన్నీ కోస్తా నుంచి వచ్చినవాళ్ళవే. మగవాళ్ళు షిఫ్టులకి పోతే ఆడవాళ్ళం వెనక గుమ్మాల్లో కూచుని, వదిలొచ్చిన ఊళ్ళని పొగుడుకుంటూ, వచ్చిన ఊరిని తిట్టుకుంటూ పొద్దుపుచ్చేవాళ్ళం. తిట్టుకోవడానికి అందరికంటే ముందు కనిపించేది వెనకాల మురిక్కాలువ. పుట్టింట్లో పారబొయ్యడం అంటే ఏమిటో నాకు తెలీదు. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూర తొక్కలు అన్నీ కుడితి తొట్టిలోకి, తొట్టిలోంచి గేదె కడుపులోకి పోయేవి. ఇక్కడ క్వార్టరుంది గానీ గేదె లేదు. అందరి గంజీ కాలువలోకే. అది అక్కడే నిలిచి, పులిసి, దోమల్నీ పందుల్నీ పిలిచి విందు చేసేది. ఆ కంపు ఎవరింటిదంటే ఎవరికివారు పక్కింటిదనేవాళ్ళం.

ఒకరోజు పొద్దున్నే గంజి వార్చి కాలువలో పోస్తున్నాను. కంచె అవతల నెత్తిన పాలబిందెతో ఒకావిడ నిలబడి చూస్తోంది. మోచేతి దాకా పచ్చబొట్లు, కాళ్ళకి కడియాలు.

"ఏందమ్మ, గంజి పారబోస్తున్నవ్?" అంది.

"మరేం చెయ్యమంటావు, తాగమంటావా?" అన్నాను. నా నోరు మొదట్నుంచీ అంతే.

"నువ్వెందుకు తాగుతవ్. నా బర్రె తాగుతది." బిందె దించి కంచె మీద మోచేతులానించింది. "గీ మోరి నీళ్లు యాడికి పోతయో ఎర్కేనా నీకు? కిందికి మా చేన్లకే వోతయ్. జొన్న మొదళ్లు మురుగుతున్నయ్. గంజేమో నా చేన్ల పడ్తున్నది, నా బర్రేమో ఆకలికి ఒర్రుతున్నది. గిదేం న్యాయం, చెప్పు బిడ్డా."

ఆవిడ పేరు నర్సింహమ్మ. మా క్వార్టర్లు లేచిన చోట ఒకప్పుడు వాళ్ళ జొన్నచేనే ఉండేదట. దిగువన మిగిలిన ముక్కే ఇప్పుడు మా గంజి తాగుతోంది. పెనిమిటి మొగులయ్య మా ఫ్యాక్టరీలోనే కూలిపనికి కుదిరాడు. నర్సింహమ్మ సదాశివపేట అంగట్లో ఒక చుక్కబర్రెని కొని, ఆ పాలు ఇంటింటికీ పోస్తోంది. మొహం మీద తెల్ల చుక్క ఉన్న గేదె అది. ఆ పొద్దున మాత్రం నేను గంజిగిన్నె బోర్లించి లోపలికి పోయాను.

మర్నాటి నుంచి మా వరసలో ప్రతి వెనక గుమ్మం దగ్గరా ఒక కుండ వెలిసింది. నర్సింహమ్మే తెచ్చి పెట్టింది. మేము పారబోసేదంతా అందులో పొయ్యాలి, సాయంత్రం మొగులయ్య కావడితో వచ్చి పట్టుకుపోతాడు. నిమ్మడిప్పలు వెయ్యొద్దు, ఉప్పునీళ్ళు పొయ్యొద్దు. బదులుగా శుక్రవారం శుక్రవారం ఇంటికో చెంబు చల్ల. "ఇంకోటి గూడ చెప్తున్న ఇనున్రి. నా బర్రె సూడితోని ఉన్నది. ఈనంగనే వరుస మొత్తానికి జున్ను," అంది. జున్ను మాట వినగానే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఊరొదిలాక జున్ను మొహం చూడలేదు.

మా పక్కింటి కమలాకుమారికి మాత్రం ఈ ఏర్పాటు నచ్చలేదు. ఆవిడ మహా శుభ్రం. ఇల్లు తుడిచిన గుడ్డని మళ్ళీ తుడిచే రకం. మాకెవరికీ ఆవిడ వంటింటి గడప దాటే యోగం లేదు, మేము పెట్టింది ఆవిడ నోట పడే యోగమూ లేదు. కుండని గుమ్మానికి ఆమడ దూరంలో పెట్టించి, పైనుంచి ధారగా పోసేది, ఎక్కడ కుండ గాలి సోకుతుందో అని. అయినా పొయ్యడం మానలేదు. ఎందుకంటే కాలువ నెమ్మదిగా ఎండిపోయింది. కంపు పోయింది. పందులు ఇంకో కాలనీ వెతుక్కుంటూ పోయాయి. కిటికీలు తీసుకుని పడుకునే రోజులొచ్చాయి. మొగులయ్య ఎవరి కుండ చిక్కగా ఉందో చెప్పి పోతుంటే ఆ ఇంటావిడ మొహం వెలిగిపోయేది. చెత్త విషయంలో కూడా ఆడవాళ్ళు పోటీ పడతారని నేను అప్పుడే చూశాను.

జున్ను సంగతి ఇంకా ఘోరం. ఎవరికి మొదటి పూట పాలు, ఎవరికి రెండో పూట పాలు అని వెనక గుమ్మాల్లో పంపకాలు మొదలైపోయాయి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, గేదె ఈనకముందే ఇద్దరు మాటలు మానేసుకున్నారు. అందులో ఒకదాన్ని నేనే.

ఇలా ఉండగా కమలాకుమారి ఇంట్లో ఇత్తడి బిందెలు తళతళలాడటం మొదలెట్టాయి. ఆ మెరుపు చూసి మేమంతా కుళ్ళుకున్నాం. చివరికి నేనే వెళ్ళి అడిగాను. "ఏం పెట్టి తోముతున్నారు వదినగారూ?"

ఆవిడ గర్వంగా గుప్పెట విప్పింది. సన్నటి ఇనప తీగలు, ఉంగరాలు చుట్టుకుని, అచ్చం కొబ్బరి పీచులాగే ఉన్నాయి. ఆవిడ భర్త చలపతిరావు లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. ఇనుము చెక్కేటప్పుడు రాలే సన్నటి చుట్టల్ని జేబులో వేసుకొచ్చాడు. గేటు దగ్గర కావలివాడు చూసి, చెత్తే కదా, పొమ్మన్నాడట. చలపతిరావు మంచివాడు. అడిగితే కాదనలేడు. వారం తిరక్కుండా వరస మొత్తానికి ఇనప పీచు పంచాడు. కోస్తా ఆడవాళ్ళకి పీచు కష్టం తీర్చిన మహానుభావుడని మేమంతా ఆయన్ని పొగిడాం. నా గుండిగలో నా మొహం నాకు కనిపించిన రోజున ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

ఆ పీచు తోముతుంటే తెగుతుంది, తడికి తుప్పు పట్టి ఇంకా తెగుతుంది. గిన్నెలు తొలిచిన మొదటి నీళ్ళలో మెతుకులుంటాయి కాబట్టి అవీ కుండలోకే పోసేవాళ్ళం. ఒక్క మెతుకు పారెయ్యకూడదన్న బుద్ధి వచ్చింది కానీ, ఆ మెతుకుతో పాటు ఏం పోతోందో చూసుకునే బుద్ధి రాలేదు.

ఒకరోజు మొగులయ్య రాలేదు. మర్నాడూ రాలేదు. పాలూ రాలేదు. కుండలు నిండి, పొంగి, వాసన పట్టాయి. పిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఆగలేక మళ్ళీ కాలువలో కుమ్మరించారు. సాయంత్రానికి పందులు వచ్చేశాయి, చుట్టాలకి కబురందినట్టు. ముందు నాకు నర్సింహమ్మ మీద కోపమొచ్చింది. రాకపోతే రామని చెప్పొచ్చు కదా అనుకున్నాను. అప్పుడే మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి, గేటు దగ్గర మొగులయ్య కనిపించాడనీ, బర్రె మేత ముట్టడం లేదని చెప్పాడనీ అన్నారు. నా కోపం పోయింది. చూడితో ఉన్న గేదె. ఆ ఇంటికి ఆ ఒక్క గేదే.

మర్నాడు వెళ్దామని చెప్పులేసుకుంటుంటే కమలాకుమారి వచ్చి నిలబడింది. "నేనూ వస్తానండీ," అంది. పేడా మూత్రం ఉన్న వాకిట్లో ఈవిడ ఎక్కడ కాలు పెడుతుందా అనుకున్నాను గానీ, ఆ పూట పైకి అనలేదు.

నర్సింహమ్మ దొడ్లో చుక్కబర్రె వీపు గూనిలా ఎత్తుకుని, ముంజేతులు ఎడం చేసినట్టు ముందుకాళ్ళు చాపి నిలబడి ఉంది. పడుకోదు, నడవదు. ఊపిరి తీసినప్పుడల్లా మూలుగుతోంది. మెడలో నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి ఉన్నాయి. నర్సింహమ్మ మమ్మల్ని చూసి లేవలేదు.

"దిష్టి తాకింది," అంది. "గిన్ని ఇండ్ల కండ్లు జున్ను మీదనే ఉండె. నాదే తప్పు. ముందుగాల నోరు జారిన."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

ఇంతలో మొగులయ్య పటాన్‌చెరు నుంచి పశువుల డాక్టర్ని తీసుకొచ్చాడు. కామరాజు అని కుర్ర డాక్టరు, మాట నెమ్మది. నాలుగు వైపులా తిరిగి చూసి, చెవి పెట్టి విని, వీపు మీద మూపు దగ్గర తోలు గట్టిగా పట్టుకు నొక్కాడు. గేదె నిలువునా మూలిగింది.

"కడుపులో ఇనుముందమ్మా," అన్నాడు. "మేతతో మింగేసింది. పొట్టలో ముందు సంచిలో దిగి గుచ్చుకుంటోంది. ఆ సంచికీ గుండెకీ మధ్య జానెడు కూడా ఉండదు. లోపల దూడ పెరుగుతోంది కదా, అది నెడుతున్న కొద్దీ ఇనుము గుండె వైపు పోతుంది. గుండెకి తగిలితే ఇక నేను చెయ్యగలిగింది లేదు."

"నా ఇంట్ల ఇనుమెక్కడిది సారూ," అంది నర్సింహమ్మ. "గడ్డి, తవుడు, కుడితి. గంతే. నా ఇంట్ల ఇనుమే లేదు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నా కొంగులోకి పోయింది, అక్కడికి ఇనప పీచు అందులో ఉన్నట్టు. నా పక్కన కమలాకుమారి లేదు. చూస్తే కుడితి గోలెం దగ్గర ఉంది. గాజులు మోచేతి పైకి తోసుకుంది. కుండ గాలి సోకనివ్వని మనిషి, ఆ పులిసిన కుడితిలో భుజం దాకా చెయ్యి దించి, అడుగున తడిమి, గుప్పెడు మడ్డి పైకి తీసింది. తెచ్చి నర్సింహమ్మ ముందు అరచెయ్యి చాపింది. నల్లటి మడ్డిలో సన్నటి ముక్కలు ఎండకి తళుక్కుమన్నాయి.

"ఇది మా ఇంటిది," అంది.

"వాళ్ళింటిదొక్కటే కాదు," అన్నాను నేను. "వరసందరిదీ. గిన్నెలు తోముకునే పీచు."

నర్సింహమ్మ ఆ చేతిలోకి చూసింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది, నేనూ నాలుగు మాటలు పడి తేలికయ్యేదాన్ని.

"తిండి పారబొయ్యకున్రి అన్న," అంది మెల్లగా. "ఇనుము పెట్టున్రి అన్ననా బిడ్డా?"

నేను డాక్టరు వైపు తిరిగాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, పట్టుకోవడానికి ఏ ఆకైనా ఉందా అని డాక్టర్ని అడిగాను. ఆయన, ఒక పద్ధతి ఉందని చదువుకునే రోజుల్లో విన్నానన్నాడు. అయస్కాంతాన్ని మింగిస్తారట. బరువుకి అది నేరుగా ఆ ముందు సంచిలోనే దిగి, బతికున్నన్నాళ్ళూ అక్కడే ఉండి, ఇనప ముక్కల్ని గుచ్చుకోనివ్వకుండా తనకి అంటించుకుని పెట్టుకుంటుందట. "కానీ నా దగ్గర లేదు. నేనెప్పుడూ చేసింది కూడా లేదు. బొటనవేలంత ఉండాలి, అంచులు నున్నగా ఉండాలి. దొరికితే రేపు పొద్దున వస్తాను. ఈలోపు సూదిమందు ఇస్తాను, ముందుకాళ్ళు ఎత్తు మీద ఉండేలా చూడండి. ఇనుము వెనక్కి జారుతుంది."

ఇంటికొచ్చి మగవాళ్ళిద్దరినీ కూచోబెట్టాం. చలపతిరావు విని తల పట్టుకున్నాడు. తను పంచిన పీచే కదా. "మా షాపులో కావలసినన్ని అయస్కాంతాలున్నాయండీ. కానీ చెత్తయితే గేటు దాటనిస్తారు, సామానయితే చెయ్యి పట్టుకుంటారు," అన్నాడు. ఆ మాట అంటూనే ఆయన కళ్ళు గోడకి ఆనించి ఉన్న మా ఆయన సైకిల్ మీద ఆగాయి. నా కళ్ళు కూడా అక్కడికే పోయాయి.

మా ఆయనకి ఆ సైకిలంటే ప్రాణం. అందులోనూ చక్రానికి ఆనుకుని తిరిగే డైనమో అంటే మరీను. రాత్రి షిఫ్టుకి దీపం వేసుకుని పోతుంటే కాలనీలో అందరికీ తను వెళ్తున్నట్టు తెలియాలని ఆయన కోరిక. ఆదివారం పూట నాకు తలంటు నూనె మర్చిపోయినా దానికి నూనె చుక్క మర్చిపోయేవారు కాదు. డైనమో లోపల తిరిగేది అయస్కాంతమే. బొటనవేలంతే ఉంటుంది.

"నా డైనమోనా?" అన్నారు.

"మీదే," అన్నాను.

"దీపం లేకుండా షిఫ్టుకి ఎలా పోను?"

"దారి మీకు తెలుసు, మీ సైకిల్‌కి ఇంకా బాగా తెలుసు. ఆ గేదెకి ఇంకో దారి ఉంటే చెప్పండి, మీ డైనమో జోలికి రాను."

ఆయన లేచి స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నారు. తనే విప్పారు, ఇంకొకర్ని ముట్టుకోనివ్వలేదు. ఆయన మీద నాకు ప్రేమ లేదని ఎవరైనా అంటే ఆ సాయంత్రం సంగతి చెబుతాను. చలపతిరావు మా గచ్చు మీద బాసిపట్టు వేసుకుని కూచుని, సానరాయి మీద ఆ ముక్క అంచులన్నీ అరగదీశాడు. నున్నగా అయ్యాక కమలాకుమారి దాన్ని ఒకసారి ఇవ్వమని అడిగి, తన అంట్ల తొట్టిలో ముంచి తీసింది. ఇనప ముక్కలు అంటుకుని అది గడ్డం మొలిచినట్టు పైకి వచ్చింది. ఆవిడ దాన్ని చూస్తూ నిలబడి ఏడ్చింది. శుభ్రంగా ఉన్నానని అనుకున్న మనిషికి అంతకంటే పెద్ద దెబ్బ ఉండదు.

మర్నాడు పొద్దున వరసలో ఆడవాళ్ళంతా నర్సింహమ్మ దొడ్లో ఉన్నాం. గంపలతో మట్టి మోసి గేదె ముందుకాళ్ళ కింద దిబ్బ వేశాం. జున్ను గురించి మాటలు మానేసుకున్న నాగేశ్వరి, నేనూ ఒకే గంపకి రెండు చెవులూ పట్టుకున్నాం. డాక్టరు అయస్కాంతాన్ని బెల్లంలో పొదిగి, వెదురుగొట్టంతో నాలుక వెనక్కి దాటించాడు. గొంతులో ముడి ఒకటి కిందికి జారడం అందరం చూశాం. నర్సింహమ్మ గేదె మెడ కౌగిలించుకుని చెవిలో ఏదో చెబుతోంది. మా ఆయన కూడా షిఫ్టు నుంచి నేరుగా వచ్చి, తన డైనమో పోయిన దిక్కు చూస్తూ నిలబడ్డారు.

ఆ తర్వాత చెయ్యడానికి ఏమీ లేదు. ఎదురుచూడటమే. వంతులు వేసుకుని వెళ్ళి ఆ దొడ్లో కూచునేవాళ్ళం. అది అటు చూస్తే మేమూ అటు, ఇటు చూస్తే మేమూ ఇటు. మా కుడితి మాత్రం కాలువలోకే పోయేది. మొగులయ్య రాలేదు, మేము రమ్మని అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతాం.

నేనూ కమలాకుమారీ ఉన్న పూట, మధ్యాహ్నం ఎండలో, నర్సింహమ్మ ఉన్నట్టుండి నా మోకాలు పట్టుకుంది. గేదె దవడ పక్కకి జరిగింది. ఆగింది. మళ్ళీ జరిగింది.

"నెమరేస్తున్నది," అంది, గట్టిగా అంటే మానేస్తుందేమోనన్నట్టు. ముగ్గురం ఊపిరి బిగబట్టి ఒక గేదె నమలడాన్ని చూశాం. నాకు పెళ్ళినాడు కూడా అంత ఆనందం కలగలేదు. మా ఆయన విన్నా సరే, అదే నిజం.

నెలలు నిండాక దూడ పుట్టింది. ఆడదూడ. తల్లికి ఉన్నట్టే మొహం మీద చుక్క. మా వరస పిల్లలు దానికి డైనమో అని పేరు పెట్టారు. నర్సింహమ్మ కూడా అదే పేరుతో పిలిచేది, ఏదో దేవత పేరైనంత భక్తిగా.

ఈనిన మర్నాడో మూడోనాడో వెనక గుమ్మంలో అలికిడైంది. కంచె అవతల నర్సింహమ్మ, నెత్తిన గంప. గంపలో మూకుళ్ళు, మూకుళ్ళలో జున్ను, పైన బెల్లం, మిరియం వాసన. ఇంటింటికీ తనే ఇస్తూ వచ్చింది. ఇవ్వదనుకున్నాం మేము. ఇవ్వకపోతే న్యాయమే అని కూడా అనుకున్నాం. కమలాకుమారి గుమ్మం ముందు మాత్రం నర్సింహమ్మ తటపటాయించి, మూకుడు మెట్టు మీద పెట్టి దూరం జరిగింది, ఆవిడ సంగతి తెలుసు కాబట్టి. కమలాకుమారి మెట్టు మీదే కూచుని, అక్కడే, వేళ్ళతో తీసుకుని తినేసింది. మూకుడు అంచు కూడా వదల్లేదు.

"ఇగ కుడితి పొయ్యున్రి," అంది నర్సింహమ్మ. "గా మోరి మళ్ల కంపు గొడ్తున్నది. అయితే ఒక్క మాట."

ఆ ఒక్క మాట ఆవిడ చెప్పే లోపలే కమలాకుమారి లోపలికి వెళ్ళి తాడు కట్టిన ఇంకో అయస్కాంతం తెచ్చింది. అది చలపతిరావు సైకిల్ డైనమోది. అలా ఇద్దరు మగవాళ్ళూ ఒక్క టార్చిలైటు మధ్యన పట్టుకుని షిఫ్టుకి పోయేవాళ్ళు. కమలాకుమారి రోజూ సాయంత్రం మొగులయ్య కంటే ముందు వరస మొత్తం తిరిగి, ప్రతి కుండలోనూ ఆ తాడు దించి కలియబెట్టి తీసేది. ఒక్క ముక్క అంటుకున్నా ఆ ఇంటావిడకి మూడినట్టే. ఆవిడ శుభ్రం పిచ్చి కాలనీకి మొదటిసారి అక్కరకొచ్చింది. చలపతిరావు ఇంటింటికీ తిరిగి మిగిలిన ఇనప పీచు పోగుచేసి ఫ్యాక్టరీలో పారెయ్యడానికి తీసుకుపోతే, గేటు దగ్గర ఆపేశారట. చెత్త బయటికి పోనివ్వడం తెలుసు గానీ, లోపలికి తెచ్చేవాణ్ణి ఏం చెయ్యాలో వాళ్ళకి తెలీలేదు. పీచు కష్టం కూడా తీరింది. ఎవరు ఊరికి వెళ్ళినా తిరుగు రైల్లో గోనెసంచి నిండా కొబ్బరి పీచు తెచ్చి పంచాలని వరసంతా ఒట్టేసుకున్నాం. నర్సింహమ్మకి కూడా ఒక వాటా ఇస్తే, తోమడం ఎందుకు అని దాంతో దూడకి ఒళ్ళు రుద్దేది.

అలా ఏళ్ళు గడిచాయి. చుక్కబర్రె ఇంకా ఎన్నో ఈతలు ఈనింది. మా పిల్లలు ఆ పాలే తాగి పెరిగారు. మా ఆయనకి స్కూటర్ వచ్చింది. గంజి మాత్రం ఒక్క చుక్క కాలువలో పడలేదు.

డెబ్భైల చివర్లో, ముసలిదై చుక్కబర్రె పోయింది. మేమంతా వెళ్ళి చూసొచ్చాం. మరో రెండు రోజులకి నర్సింహమ్మ వచ్చి, కొంగులోంచి ఒక మూట తీసి నా చేతిలో పెట్టింది. బరువుగా ఉంది. విప్పితే పల్లేరుకాయలా ఒళ్ళంతా ముళ్ళతో నల్లటి ముద్ద, పిడికిలంత.

"తోలు తీసే ఐలన్న కడుపుల చూసి దీసిండు. మీ సారు సామాన్," అంది. "కడిగే తెచ్చిన."

మా ఆయన, చలపతిరావు, కమలాకుమారి అందరూ చేరారు. ఆ ముద్ద మధ్యలో మా డైనమో అయస్కాంతం ఉంది. దాని చుట్టూ తుప్పుపట్టిన మా ఇనప పీచు. దాని మీద ఇంకా ఏవేవో. నా తలపిన్ను ఒకటి. ఎవరిదో పిన్నీసు. కుట్టుమిషన్ సూది ముక్క. కమలాకుమారి మొహం పాలిపోయింది. "రోజూ చూశాను కదండీ. ఒక్కరోజు కూడా మానలేదు. ఇవన్నీ ఎలా పోయాయి," అంది. ఇన్నేళ్ళూ మా చేత్తో మేము దానికి పెట్టింది అదంతా. అది మాత్రం మా పిల్లలకి పాలే ఇచ్చింది.

నర్సింహమ్మ వంగి, ఆ ముద్దలోంచి వేలెడు మేకు ఒకటి పీకి చూపించింది.

"పరేషాన్ గాకు బిడ్డా. గీ మొల మీది గాదు. నా దొడ్డి తలుపుది. దీన్ని నేనే పెట్టిన." నవ్వింది. "నా ఇంట్ల ఇనుమే లేదన్న గదా, ఆ సారుతోని."

కమలాకుమారి ఆ మేకు వంక చూసింది, నర్సింహమ్మ వంక చూసింది, తను కూడా నవ్వింది. అప్పుడు నర్సింహమ్మ ఆ ముద్దని మా ఆయన వైపు జరిపింది.

"సారూ, గిదంత గీకి, మంచిగ సాన పట్టి ఇయ్యున్రి. డైనమో బర్రెకు పెడ్త. అది గూడ మీ కుడితే తాగుతున్నది గదా."

మా ఆయన లోపలికి వెళ్ళి పాత స్క్రూడ్రైవర్, సానరాయి తెచ్చుకుని గచ్చు మీద కూచున్నారు. చలపతిరావు ఎదురుగా చతికిలబడ్డాడు. ఒక్కొక్క పిన్నూ పీకి పక్కన పెడుతుంటే, కమలాకుమారి వాటిని కాగితంలో చుట్టుకుంటోంది, ఎక్కడా పడకుండా. నర్సింహమ్మ వాకిట్లో ఖాళీ కుండ దించి నా వైపు చూసింది.

"వాళ్ల పని వాళ్లు చేస్తరు. నువ్వు గంజి తే," అంది.